పటిక బిందె, 480 మంది అభ్యర్థులు: నల్లగొండ ఫ్లోరైడ్ వ్యతిరేక పోరాటం

ఉమ్మడి నల్లగొండ జిల్లా పడమటి మండలాల కింద పరుచుకుని ఉన్నది గ్రానైటు రాయి. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి, నారాయణపురం, దేవరకొండ చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా కొద్ది లోతులోనే అది తగులుతుంది. చూపుకి మామూలు రాయే కానీ అందులో ఫ్లోరైడు పాలు చాలా ఎక్కువ. 1993లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం నల్లగొండ గ్రానైటులో కిలోకు సగటున 1,440 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉంది. ప్రపంచంలోని గ్రానైట్లన్నిటి సగటు 810 మిల్లీగ్రాములు మాత్రమే. ఈ ప్రాంతపు భూగర్భజలంలో లీటరుకు 0.4 నుంచి 20 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడు కనిపించింది. తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చనీ భారత ప్రమాణాలు చెబుతాయి.

రాతిలోని ఫ్లోరైడు నీటిలోకి దిగడానికి వాతావరణమూ తోడైంది. ఇక్కడ వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. ఇంకిన కొద్దిపాటి నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. నీటిలో తగినంత కాల్షియం ఉంటే అది ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దించుతుంది. ఈ నేలలో కాల్షియం ముందే సున్నపు గడ్డలుగా మట్టిలో పేరుకుపోవడంతో, క్షారం హెచ్చిన నీటిలో ఫ్లోరైడు పట్టేవారు లేక మిగిలిపోతుంది. ఆ నీటికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. కాచినా ఫ్లోరైడు పోదు సరికదా, ఆవిరైన మేరకు మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది.

పాత రోజుల్లో జనం చెరువు నీళ్లు, దిగుడు బావుల నీళ్లు తాగేవారు. వాటితో వేరే రోగాలు వచ్చేవి. అడుగు నీళ్లలో దిగి బిందె ముంచే బావుల ద్వారా నారికురుపు వ్యాపించేది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాలు దానితో బాధపడ్డాయి. దిగుడు బావులను మూసి బోరింగులు వేయడం ఆ రోగాన్ని నిర్మూలించే పనిలో ముఖ్యమైన భాగం. 1996 తర్వాత దేశంలో కొత్తగా నారికురుపు రాలేదు, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మేరకు ధ్రువపత్రం ఇచ్చింది. ఆఫ్రికాలో ఆ రోగంపై పోరు ఈనాటికీ పూర్తి కాలేదు కాబట్టి ఇది చిన్న విజయం కాదు. కానీ ఫ్లోరైడు నేలల్లో బోరింగు లోతుకు దిగిన కొద్దీ రాతిలో ఎక్కువ కాలం నానిన నీరే పైకి వచ్చింది. ఒక రోగాన్ని ఆపిన గొట్టం నుంచే ఇంకో రోగం బిందెలో పడింది.

ఆ రోగం పేరు ఫ్లోరోసిస్. ముందు పిల్లల పళ్ల మీద బయటపడుతుంది. ఎనిమిదేళ్ల లోపు, పళ్లపై పింగాణీ పొర ఏర్పడే వయసులో ఈ నీరు తాగితే సుద్ద మచ్చలు, ఆ తర్వాత గోధుమరంగు చారలు వస్తాయి. ఊళ్లలో వీటిని గారపళ్లు అంటారు. ఎంత తోమినా పోవు, ఎందుకంటే మచ్చ పంటి పైన లేదు, పంటి లోపలే ఉంది. ఏళ్లు గడిచే కొద్దీ ఫ్లోరైడు ఎముకల్లో చేరుతుంది, కీళ్ల చుట్టూ ఉండే నరాల వంటి కట్లు గట్టిపడి ఎముకలా మారతాయి. వెన్నెముక ఒకే కడ్డీలా బిగుసుకుని మెడ తిరగదు, నడుము వంగి లేవదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. ఒకసారి బిగిసిన ఎముకను విడిపించే మందు లేదు. ముందే మంచినీరు తాగించడం ఒక్కటే చికిత్స.

దేశంలో ఈ రోగాన్ని మొదట గుర్తించింది కూడా తెలుగు నేల మీదే. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అనే శాస్త్రవేత్తలు అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతాల రోగుల గురించి రాశారు. నిజాం రాజ్యంలోని నల్లగొండ మీద 1940ల నాటికే వైద్యుల దృష్టి పడింది. 1955 డిసెంబరులో ఎ.హెచ్. సిద్ధిఖీ అనే హైదరాబాదు వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై సవివరమైన వ్యాసం ప్రచురించాడు. అంటే రోగం ఏమిటో, అది ఎక్కడ ఉందో, ఎందుకు వస్తుందో స్వతంత్రం వచ్చిన తొలి దశకంలోనే అచ్చులో ఉంది. ఆ తర్వాత గడిచిన అరవై ఏళ్లను తెలియక జరిగిన ఆలస్యంగా లెక్కగట్టడానికి వీల్లేదు.

అదే డిసెంబరులో, 10వ తేదీన, నల్లగొండ జిల్లా దక్షిణపు అంచున నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశాడు. 1967లో కాలువల్లోకి నీళ్లు వదిలారు. సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు మాగాణులను పండించింది. పడమటి మండలాలకు మాత్రం చుక్క ఎక్కలేదు. కారణం ఎత్తు. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ నేలలు అంతకన్నా చాలా ఎత్తున ఉన్నాయి. నది ఎగువన ఉన్న శ్రీశైలం జలాశయం మట్టం 885 అడుగులు. అక్కడి నుంచి ఎడమ వైపు నల్లమల కొండల కింద సొరంగం తొలిస్తే ఆ నీరు దానంతటదే ఈ మెట్టకు పారుతుంది. శ్రీశైలం ఎడమగట్టు కాలువ అనే కోరిక ఈ లెక్కలోంచే పుట్టింది. నల్లగొండ పోరాటం మొత్తాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ రెండు అంకెలు గుర్తుండాలి.

సాగర్ వచ్చాక రోగం ఇంకో రూపం ఎత్తింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో కొత్త సంగతి ఒకటి రాశారు. ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా లోపలికి వంగి, పాదాలు ఎడమవుతున్నాయి. ఊరి మాటలో దొడ్డికాళ్లు. అంతకుముందు నడివయసులో నడుము పట్టేసిన రోగం ఇప్పుడు పదేళ్ల పిల్లల కాళ్లకు దిగింది. పెద్ద జలాశయపు ఊటతో చుట్టుపక్కల భూగర్భజలాల తీరు మారడం దీనికి ఒక కారణమని శాస్త్రవేత్తలు భావించారు. తిండి కూడా ఇంకో కారణం. వరి అన్నం తినేవారికన్నా జొన్న తినేవారి ఒంట్లో ఫ్లోరైడు ఎక్కువగా నిలుస్తుందని 1970లలో అదే సంస్థ పరిశోధనలు చూపాయి. జొన్నలో ఉండే మాలిబ్డినం, ఒంట్లో తగ్గే రాగి, కాల్షియం లోటు మీద చర్చ నడిచింది.

దీని అర్థం జొన్న చెడ్డదని కాదు. జొన్న గటక మెట్ట నేలను శతాబ్దాలుగా బతికించింది. పాలు, ఆకుకూరలు, పండ్లు కూడా పళ్లెంలో ఉన్న ఇంట్లో ఇదే నీరు తక్కువ హాని చేస్తుంది. ఉత్త గటక, కారం మీద బతికే కూలి ఇంట్లో ఎక్కువ హాని చేస్తుంది. నీరు ఊరంతటికీ ఒకటే, కానీ కాళ్లు వంగింది ఎక్కువగా పేదింటి పిల్లలకు. ఇంటి వంటలోని చింతపండు కొంత మేలు చేస్తుందని కూడా తర్వాత తేలింది. రోజుకు పది గ్రాముల చింతపండు తిన్న బాలురలో మూత్రం ద్వారా ఎక్కువ ఫ్లోరైడు బయటికి పోయిందని 2002లో పోషకాహార సంస్థ పరిశోధకులు ప్రకటించారు. అయితే బావి నిండా ఉన్న ఫ్లోరైడుకు చారు విరుగుడు కాలేదు.

నీటినే శుభ్రం చేసే మార్గాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ కనిపెట్టింది. 1975లో ఆ పద్ధతి వివరాలు ‘నల్లగొండ పద్ధతి’ అన్న పేరుతోనే అచ్చయ్యాయి. అందులో వాడేవన్నీ అంగట్లో దొరికే సరుకులే: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. బిందెడు నీటిలో ముందు సున్నం, తర్వాత పటిక కలిపి పది నిమిషాలు నెమ్మదిగా తిప్పాలి. తెల్లటి తుట్టెలు కట్టి, వాటితో పాటు ఫ్లోరైడు అడుగుకు దిగుతుంది. గంట సేపు కదపకుండా ఉంచి పైతేట నీటిని వంచుకోవాలి. కరెంటు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. చదువు రాని ఇల్లాలు కూడా చేయగల పని.

ఈ సౌలభ్యమే నల్లగొండ పేరును సముద్రం దాటించింది. తూర్పు ఆఫ్రికాలో ఇథియోపియా నుంచి కెన్యా మీదుగా టాంజానియా దాకా సాగే మహా పగులు లోయ అగ్నిపర్వత శిలలతో నిండి ఉంది. అక్కడి ఊటల్లో, బోర్లలో ఫ్లోరైడు మన మెట్టకన్నా ఎక్కువగా ఉండే చోట్లు ఉన్నాయి. కిలిమంజారో, అరూషా ప్రాంతాల పిల్లలకూ ఇవే గారపళ్లు, ఇవే దొడ్డికాళ్లు. వేరే నీరు లేక టాంజానియా ప్రభుత్వం ఒకప్పుడు లీటరుకు 8 మిల్లీగ్రాముల దాకా తాత్కాలికంగా అనుమతించాల్సి వచ్చింది. కూరల్లో వాడే మగాడి అనే చౌడుప్పు ద్వారా కూడా వారి ఒంట్లోకి ఫ్లోరైడు చేరుతుంది. అరూషా దగ్గర ఎన్గుర్డోటోలో ఉన్న పరిశోధన కేంద్రం డెన్మార్క్ నిపుణుల తోడ్పాటుతో 1990లలో నల్లగొండ పద్ధతిని రెండు బకెట్ల రూపంలోకి మార్చింది. 20 లీటర్ల బకెట్టులో 12.8 గ్రాముల పటిక, 6.4 గ్రాముల సున్నం కలిపి, తేరిన నీటిని గుడ్డ మీదుగా రెండో బకెట్టులోకి వదిలే ఏర్పాటు అది. ఇథియోపియాలోని పగులు లోయ పల్లెల్లోనూ ఈ పద్ధతిని ప్రయోగించారు. ఆఫ్రికా పల్లెల్లో నీటి మీద పనిచేసేవారికి నల్లగొండ అంటే ఊరి పేరు కాదు, ఒక బకెట్టు పేరు.

నల్లగొండ పల్లెల్లోనే ఆ బకెట్టు నిలబడలేదు. అందుకు కారణాలు పద్ధతిలోనే ఉన్నాయి. ఫ్లోరైడు, క్షారం పెరిగిన కొద్దీ పటిక మోతాదు పెరుగుతుంది, కొన్ని చోట్ల లీటరుకు గ్రాము దాకా వేయాలి. తక్కువైతే ఫ్లోరైడు పోదు, ఎక్కువైతే నీరు వగరుగా మారి అల్యూమినియం మిగులుతుంది. బావి బావికీ, రుతువు రుతువుకూ లెక్క మారుతుంది. అడుగున మిగిలే విషపు బురదను ఎక్కడ పారబోయాలన్నది ఇంకో చిక్కు. కూలికి పోయే ఇల్లాలు రోజూ పొద్దున్నే రెండు గంటలు నీళ్లకు కేటాయించాలి, నెల నెలా పటిక కొనాలి. ఊరి కోసం కట్టిన శుద్ధి కేంద్రాలు కూడా నడిపే మనిషి, మందు కొనే నిధి లేక మూలపడ్డాయి. పద్ధతి తప్పుది కాదు. ప్రభుత్వం మోయాల్సిన బరువును బిందె మోసే ఆడమనిషి నెత్తికి ఎత్తడమే తప్పు.

ఆ సంగతిని ఎవరికన్నా ముందు గట్టిగా పట్టుకున్నది సామాన్య జనమే. బ్యాంకు ఉద్యోగం వదిలేసిన దుశ్చర్ల సత్యనారాయణ ‘జల సాధన సమితి’ పేరుతో ఊరూరూ తిరిగాడు. సమితి అడిగింది పటిక కాదు, వడపోత యంత్రం కాదు. కృష్ణా నీళ్లు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ తవ్వి నది నీటిని ఈ మెట్టకు పారించమన్నారు. దాని వెనుక తర్కం బలమైనది. తాగడానికి బిందెడు నీరు శుద్ధి చేసినా, అదే బోరు నీటితో పండిన గింజ, అదే నీటితో ఉడికిన అన్నం ఒంట్లోకి పోతూనే ఉంటాయి. చెరువులు నదీజలంతో నిండితే బోర్లలో నీరూ పలచబడుతుంది, పంటా పండుతుంది, పండితే పళ్లెంలోకి పాలూ కూరా వస్తాయి. రోగానికీ పేదరికానికీ ఒకే కాలువ మందు అన్నది వారి వాదం.

ధర్నాలు, పాదయాత్రలు, వినతిపత్రాలు నడిచాయి. వంగిన నడుములతో, దొడ్డికాళ్లతో రోగులే ఢిల్లీ దాకా వెళ్లారు. అన్నిటికన్నా దేశం కళ్లు తెరిపించింది 1996 లోక్‌సభ ఎన్నిక. నల్లగొండ నియోజకవర్గంలో ఆ ఏడాది పోటీలో మిగిలిన అభ్యర్థులు 480 మంది. ఎక్కువ మంది సమితి పిలుపు మీద నామినేషన్ వేసిన మామూలు మనుషులు. అప్పట్లో లోక్‌సభ పోటీకి డిపాజిట్ 500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. ఆ సొమ్ము తిరిగి రాదని తెలిసే కట్టారు. అన్ని పేర్లు, అన్ని గుర్తులు ఓటు పత్రం మీద పట్టించడం ఎన్నికల సంఘానికి మామూలు ఏర్పాట్లతో అయ్యే పని కాకపోయింది. గెలుపు వారి ఉద్దేశం కాదు. తెలంగాణ సాయుధ పోరాట యోధుడు, సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గెలిచాడు. కానీ ఆ ఎన్నికల వేళ దేశంలోని పత్రికలన్నీ నల్లగొండలో ఇంతమంది ఎందుకు నిలబడ్డారని అడగాల్సి వచ్చింది, జవాబుగా ఫ్లోరైడు అన్న మాట రాయాల్సి వచ్చింది.

ఢిల్లీ ఇచ్చిన మొదటి జవాబు నీళ్ల రూపంలో రాలేదు, చట్టం రూపంలో వచ్చింది. అదే ఏడాది తమిళనాడులోని మొడక్కురిచి శాసనసభ స్థానానికి వెయ్యి మందికి పైగా, కర్ణాటకలోని బెల్గాం లోక్‌సభ స్థానానికి నాలుగు వందల మందికి పైగా పోటీపడ్డారు. 1996 ఆగస్టులో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10 వేల రూపాయలకు, శాసనసభ డిపాజిట్‌ను 250 నుంచి 5 వేలకు పెంచారు. స్వతంత్ర అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. రోగి గొంతు వినిపించిన కిటికీని మూయడం నీళ్లు ఇవ్వడం కన్నా ఎంతో త్వరగా జరిగింది. అయినా ఆ దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు 25 వేల రూపాయల డిపాజిట్ కట్టి మరీ అదే బాట పట్టారు. అక్కడ బరిలో నిలిచిన 185 మందిలో అత్యధికులు రైతులే.

పోరాటానికి ముఖంగా నిలిచినవాడు మర్రిగూడ మండలం శివన్నగూడెం వాసి అంశాల స్వామి. బాల్యం నుంచే ఫ్లోరోసిస్‌తో ఎదుగుదల ఆగిపోయి, ఇతరుల సాయం లేకుండా కదలలేని శరీరంతో అతను సభలకు, ధర్నాలకు వచ్చేవాడు. అప్పటి ప్రధాని వాజపేయి ఎదుట స్వామిని ఉంచి నల్లగొండ గోడు వినిపించిన సంగతి జిల్లాలో తెలియనివారు లేరు. ఒక నివేదిక చెప్పలేనిదాన్ని ఆ చిన్న శరీరం చెప్పింది. కంచుకట్ల సుభాష్ నడిపిన ఫ్లోరోసిస్ విముక్తి పోరాట సమితి కూడా రోగులను ఒకచోట చేర్చి, అధికారుల ముందు నిలబెట్టి, ప్రతి ప్రభుత్వాన్నీ అడుగుతూ వచ్చింది.

నీళ్లు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. సొరంగం ఆలస్యమవుతుందని సాగర్ జలాశయపు ఒడ్డున పుట్టంగండి దగ్గర పంపులు పెట్టి నీటిని అక్కంపల్లి జలాశయానికి ఎత్తిపోశారు. ఆ పథకానికి 2000లో నక్సలైట్ల చేతిలో హతుడైన మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి పేరు పెట్టారు. 2004 నుంచి హైదరాబాదుకు కృష్ణా తాగునీరు పోయేదీ ఆ అక్కంపల్లి నుంచే. కోదండాపురంలో శుద్ధయిన కృష్ణా నీరు నసర్లపల్లి, గోడకొండ్ల మీదుగా పెద్ద పైపుల్లో రాజధానికి ఎక్కుతుంది. గోడకొండ్ల పొరుగు మండలమే మర్రిగూడ. నగరానికి వెళ్లే నది ఊరి పక్కనుంచే పోతుంటే ఊళ్లో బోరింగు దగ్గర బిందె పెట్టుకున్న ఏళ్లు ఆ మండలాలకు ఉన్నాయి.

తెలంగాణ ఏర్పడ్డాక పని వేగం పుంజుకుంది. 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో ఇంటింటికీ నదీజలం అందించే పథకానికి పైలాన్ ఆవిష్కరించారు. అదే నెల 12న శివన్నగూడెంలో డిండి ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగింది. మిషన్ భగీరథగా పేరొందిన ఆ తాగునీటి పథకం 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైంది. 2015లో తెలంగాణలో ఫ్లోరైడు పీడిత ఆవాసాలు 967 ఉండగా 2020 ఆగస్టు నాటికి ఒక్కటీ లేదని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. పళ్ల మీద గార లేని పిల్లలు ఈ ఊళ్లలో పెరగడం పోరాటం చేసిన తరం చూసిన గొప్ప మార్పు. అయితే ఆ లెక్క నల్లా నీటిది. చేను దగ్గర దాహమైన కూలీ ఇప్పటికీ బోరు నీరు తాగుతాడు. ముందే వంగిన నడుములు, కాళ్లు ఆ లెక్కలో లేవు. అంశాల స్వామి 2023 జనవరిలో మరణించాడు.

పొరుగు ఉమ్మడి పాలమూరు జిల్లా కథ ఇక్కడ కలుస్తుంది. కల్వకుర్తి, ఆమనగల్లు మెట్టకూ మర్రిగూడ మెట్టకూ మధ్య ఉన్నది రెవెన్యూ సరిహద్దే, రాయి ఒకటే. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేదే ఆ జిల్లాలో, అయినా కరువుకు జనం వలస పోయిందీ అక్కడి నుంచే. గుంపు మేస్త్రీల వెంట పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. ఆ వలసను, అసంపూర్తి ప్రాజెక్టులను గ్రంథస్తం చేసే పని పాలమూరు అధ్యయన వేదిక చేసింది. నల్లగొండ రోగులు కోరిన శ్రీశైలం సొరంగం ఒక ముఖద్వారం ఆ పాత జిల్లాలోనే, నల్లమల అంచున దోమలపెంట దగ్గర ఉంది. మొత్తం పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. 2005 తర్వాత రెండు వైపుల నుంచీ యంత్రాలతో తొలుస్తూ వచ్చారు.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు, ముఖద్వారం నుంచి దాదాపు పద్నాలుగు కిలోమీటర్ల లోపల సొరంగం కప్పు కూలింది. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్ముకశ్మీర్‌ల నుంచి వచ్చిన ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. రెండు నెలల గాలింపులో ఇద్దరి మృతదేహాలే బయటికి వచ్చాయి. తొమ్మిది కిలోమీటర్లకు పైగా తవ్వకం అప్పటికి మిగిలి ఉంది.

దేశపు ఆనకట్టలు కట్టిన పాలమూరు గుంపు మేస్త్రీల చరిత్ర వచ్చే భాగంలో.